నవలలో పిల్ల ఎప్పుడు పెద్దదవుతుంది?

హైదరాబాద్‌లో కొన్ని స్కూళ్ళు ఆరు, ఏడు తరగతుల పిల్లల చేత నవల చదివించి ప్రాజెక్ట్ రాయిస్తున్నాయి. ప్రశ్నలు మాత్రం దాదాపు ఒకలాగే ఉంటాయి: ఈ నవలలో థీమ్స్ ఏమిటి, ముఖ్యపాత్ర ఎలా ఎదిగింది? రాత్రి పదింటికి ఆ ప్రశ్న అమ్మానాన్నల దగ్గరికి వస్తుంది. పొద్దునకల్లా చార్ట్ మీద స్కెచ్ పెన్‌తో "నిజాయితీ గొప్పది, స్నేహం విలువైనది" అని వెలుస్తుంది. టీచర్ టిక్ పెడతారు, పని అయిపోతుంది.

డిసెంబర్‌లో బుక్ ఫెయిర్‌కు వెళ్తే ఇదే చిక్కు ఇంకో రూపంలో కనిపిస్తుంది. "ఇది ఎన్నేళ్ళ పిల్లలకండీ? ఇందులో చావు ఉందట, ఇవ్వొచ్చా?" అని స్టాళ్ళ దగ్గర అడుగుతుంటారు. పిల్లల మనసు వయసుతోపాటు ఒక వరసలో పెరుగుతుందనీ, ఆ వరసకు సరిపోయే పుస్తకం ఎక్కడో ఉంటుందనీ ఈ రెండు రకాల ప్రశ్నల వెనకా ఒక నమ్మకం ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. ఎంత నిజమో చూడాలంటే మనస్తత్వ శాస్త్రం చెప్పేదాన్నీ, నవల చూపించేదాన్నీ పక్కపక్కన పెట్టాలి.

కథ, థీమ్, నీతి: మూడూ వేరు

జరిగినది కథ. చెయ్యాల్సింది చెప్పేది నీతి. జరిగినదాని వెంట నవల మొదటి నుంచి చివరిదాకా తిప్పుతూ ఉండే ప్రశ్న థీమ్. "అబద్ధం ఆడరాదు" అన్నది నీతి. "మనవాళ్ళ కోసం ఆడిన అబద్ధం ఎవరి నెత్తిన పడుతుంది?" అన్నది థీమ్. నీతి ఒక్క వాక్యంలో ముగుస్తుంది. థీమ్‌కు ఒక్కో పాత్ర ఒక్కో జవాబు ఇస్తుంది, కొన్నిసార్లు రచయిత ఏదీ తేల్చకుండానే పుస్తకం అయిపోతుంది. మనం పంచతంత్రం మీద పెరిగినవాళ్ళం కాబట్టి కథ ముగియగానే నీతి కోసం చూడటం అలవాటు. అది తప్పేమీ కాదు. కాకపోతే నవల దగ్గర ఆ అలవాటు పెద్దగా పనికిరాదు.

పిల్లలు ఉన్న నవలలన్నీ ఎదుగుదల నవలలు కావు. ముళ్ళపూడి బుడుగు ఎన్ని పేజీలు గడిచినా బుడుగే. వాడు ఎదగకపోవడంలోనే ఆ సరదా ఉంది. ఎదుగుదల నవలలో మొదటి పేజీలో కనిపించిన పిల్లకూ చివరి పేజీలోని పిల్లకూ మధ్య తేడా రావాలి. ఆ తేడా ఒంటి పొడుగులో కాక లోకాన్ని చూసే తీరులో ఉండాలి.

పనికొచ్చేలా ఒక నవల అల్లుకుందాం

నిజమైన పుస్తకం తీసుకుంటే చదవనివాళ్ళకు ఇబ్బంది. కాబట్టి వివరణ కోసం ఒకటి కల్పిస్తాను.

పార్శీగుట్టలో ఉండే రమ్యకు పదకొండేళ్ళు. తండ్రికి చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ దగ్గర జిరాక్స్ షాపు ఉంది. ఉద్యోగాల నోటిఫికేషన్ పడితే గిరాకీ, వాయిదా పడితే ఈగలు. తల్లి బ్లౌజులు కుడుతుంది. ఇంట్లో నానమ్మ, ఒక తమ్ముడు. పక్క డాబా మీది అఫ్రీన్ రమ్యకు ప్రాణస్నేహితురాలు. నవల ఒక సంక్రాంతికి పతంగులతో మొదలై మరుసటి సంక్రాంతికి ముగుస్తుంది.

మధ్యలో మూడు ఘటనలు జరుగుతాయి. అఫ్రీన్ తండ్రి సలీం చాచా దగ్గర రమ్య తండ్రి చేబదులు తీసుకున్నాడు. ఆయన అడగడానికి వచ్చిన రోజు తండ్రి లోపలి గదిలోకి వెళ్ళి, "నాయిన ఇంట్ల లేడని చెప్పు బిడ్డా" అంటాడు. రమ్య చెబుతుంది. ఫీజు కట్టలేక అఫ్రీన్ పరీక్షకు కూర్చోలేకపోతుంది. తర్వాతిసారి చాచా వచ్చినప్పుడు రమ్య, "లోపల్నే ఉన్నడు చాచా" అనేస్తుంది. అది మొదటి ఘటన. రెండోది నానమ్మ చావు. మూడోది, షాపులో పనిచేసే కుర్రాడిని మాన్పించేశాక సాయంత్రాలు రమ్య కౌంటర్ దగ్గర కూర్చోవడం. చివర్లో సంక్రాంతి మళ్ళీ వస్తుంది. "పెద్దదానివైతున్నవ్, డాబా ఎక్కకు" అంటుంది తల్లి. రమ్య ఎక్కుతుంది. కానీ ఈసారి పతంగి తమ్ముడి చేతిలో, మాంజా చుట్టే చరఖా తన చేతిలో.

ఆ అబద్ధాన్ని శాస్త్రం ఎలా చదువుతుంది?

స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే పిల్లల నైతిక ఆలోచన మీద 1932లో ఒక పుస్తకం వేశాడు. అందులో పిల్లలకు ఇద్దరు కుర్రాళ్ళ సంగతి చెప్పి ఎవరిది పెద్ద తప్పో అడిగాడు. ఒకడు కుక్కను చూసి జడుసుకుని ఇంటికొచ్చి "ఆవు అంత కుక్కను చూశా" అన్నాడు. ఇంకొకడు మార్కులు బాగా వచ్చాయని తల్లికి అబద్ధం చెప్పాడు. చిన్నపిల్లల్లో చాలామంది ఆవు అంత కుక్కదే పెద్ద అబద్ధం అన్నారు, అంత కుక్క ఎక్కడా ఉండదు కాబట్టి. కాస్త పెద్దపిల్లలు మార్కుల అబద్ధాన్ని పట్టుకున్నారు, అందులో మోసం చెయ్యాలన్న ఉద్దేశం ఉంది కాబట్టి. మాట నిజానికి ఎంత దూరంలో ఉందని కొలిచే చూపు నుంచి, మనసులో ఏముందని కొలిచే చూపుకు మారడం అన్నమాట. ఇది చాలామంది పిల్లల్లో పదేళ్ళ లోపే జరుగుతుందని పియాజే లెక్క.

ఆ లెక్కన పదకొండేళ్ళ రమ్యకు ఉద్దేశాలు అర్థమవుతాయి. నవల ఆ స్థాయి దాటాకే మొదలవుతోంది. తండ్రి చెడ్డవాడు కాదని ఆమెకు తెలుసు. సిగ్గుతో లోపలికి వెళ్ళాడనీ తెలుసు. ఉద్దేశం మంచిదైనా దెబ్బ ఇంకొకరికి తగిలితే ఏం చెయ్యాలన్నది ఆమె ముందున్న ముడి.

అమెరికన్ లారెన్స్ కోల్‌బర్గ్ ఇక్కడ మరో కొలబద్ద ఇస్తాడు. 1958లో తన పరిశోధనకు షికాగో ప్రాంతంలో పది, పదమూడు, పదహారేళ్ళ అబ్బాయిలు 72 మందికి సమాధానం సులువుగా దొరకని కథలు చెప్పి ప్రశ్నించాడు. ఏది ఎంచుకున్నారన్నది అతనికి ముఖ్యం కాదు. ఎందుకు ఎంచుకున్నారన్నదే చూశాడు. ఆ కారణాలను కింది నుంచి పైకి మూడు స్థాయిలుగా, మెట్లలా పేర్చాడు. రమ్య నిజం చెప్పేసింది అనుకోండి. "మళ్ళీ దొరికిపోతే తిట్లు పడతాయి" అని చెబితే అది మొదటి స్థాయి. "మంచి పిల్ల అబద్ధమాడదు, చాచా నన్ను మంచిదనుకోవాలి" అయితే రెండోది. "మాట ఇచ్చాక ఎవరైనా నిలబెట్టుకోవాలి, అది మా నాన్నయినా సరే" అయితే మూడోదాని వైపు. పని ఒక్కటే, లోపలి కారణం మారిపోతోంది. ప్రాజెక్ట్‌లో "రమ్య నిజం చెప్పింది, కాబట్టి నిజాయితీ" అని రాసే పిల్ల పని దగ్గరే ఆగిపోయింది. కారణం కోసం వెతకడానికి ఆమె ఆ పేజీలు మళ్ళీ తిరగెయ్యాలి.

మెట్ల లెక్క ఎక్కడ తప్పుతుంది?

ఇక్కడిదాకా చక్కగా కుదిరింది. చిక్కులు ఇక మొదలు.

కోల్‌బర్గ్ మొదటి అధ్యయనంలో ఆడపిల్లలు లేరు. ఆయనతో కలిసి పనిచేసిన కారొల్ గిలిగన్ 1982లో ఈ విషయాన్నే పట్టుకుంది. న్యాయం, హక్కు అనే భాషలో మాట్లాడేవాళ్ళకు ఈ కొలబద్ద ఎక్కువ మార్కులు వేస్తోందనీ, "ఎవరికి బాధ కలుగుతుంది, ఎవరిని ఎవరు చూసుకోవాలి" అనే భాషలో ఆలోచించేవాళ్ళను కింది మెట్టు మీద నిలబెడుతోందనీ ఆమె వాదన. రమ్య నిజం చెప్పింది మాట నిలబెట్టుకోవాలన్న సూత్రం కోసం కాదు, ఖాళీగా ఉన్న అఫ్రీన్ బెంచీ చూసి అనుకుందాం. కోల్‌బర్గ్ కొలత ప్రకారం ఆమె కాస్త కింద ఉంటుంది. గిలిగన్ చూపులో ఆమె వేరే దారిలో అంతే ఎత్తుకు వచ్చింది. తర్వాతి సమీక్షల్లో ఆ కొలబద్ద మీద ఆడ, మగ పిల్లల మధ్య పెద్ద తేడా కనబడలేదని తేలింది కాబట్టి గిలిగన్‌ను కూడా ఉన్నదున్నట్టు తీసుకోలేం. కానీ సాటి మనిషి పట్ల పట్టింపు కూడా ఒక నైతిక ఆలోచనే అన్న ఆమె మాట నిలబడింది.

ఇంకో ఇబ్బంది పాత నవలే చూపిస్తుంది. నండూరి రామమోహనరావు అనువాదంతో మనకు దగ్గరైన హకల్‌బెరీ ఫిన్‌లో, పారిపోతున్న బానిస జిమ్‌ను పట్టివ్వకపోవడం పాపమని హక్ మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఊరు వాడికి నేర్పింది అదే. జిమ్ ఎక్కడున్నాడో తెలిపే ఉత్తరం రాస్తాడు, మళ్ళీ చించేస్తాడు, సరే నరకానికే పోతానని తేల్చుకుంటాడు. వాడి తర్కం చూస్తే శిక్ష భయం, అంటే కింది మెట్టు. వాడు చేసిన పని ఆ ఊళ్ళో చదువుకున్న పెద్దమనుషులెవరూ చెయ్యనిది. ఆలోచన ఒక చోట, చేత మరో చోట ఉన్న ఈ కుర్రాణ్ణి ఏ మెట్టు మీద నిలబెట్టాలి?

పియాజే మీదా అభ్యంతరాలు వచ్చాయి. రెండు వరసల్లో సమానంగా పేర్చిన వస్తువుల్లో ఒక వరసను దూరం జరిపితే, చిన్నపిల్లలు అందులో ఎక్కువున్నాయని పొరబడతారని అతను చూపించాడు. 1974లో స్కాట్లండ్‌లో మార్గరెట్ డొనాల్డ్‌సన్, జేమ్స్ మెక్‌గారిగిల్ అదే పరీక్షను కాస్త మార్చారు. ఈసారి ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి వరసను చెడగొట్టింది. చాలా ఎక్కువమంది పిల్లలు సరిగ్గా చెప్పారు. పెద్దమనిషి కావాలని వరస మార్చి మళ్ళీ అదే ప్రశ్న అడిగితే, జవాబు కూడా మార్చాలేమో అనుకుంటారు పిల్లలు. బొమ్మ అల్లరి చేస్తే వాళ్ళకు ఆ అనుమానం ఉండదు. అడిగే తీరును బట్టి పిల్లల తెలివి పైకీ కిందికీ కదులుతుందన్నమాట. ఆ తర్వాతి పరిశోధకుల్లో కొందరు ఈ ఫలితం మరీ అంత బలమైంది కాదన్నారు. అయినా దశలను గట్టి గోడల్లా చూసే రోజులు పోయాయి.

ఎదుగుదల నవల పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే అని నా అభిప్రాయం. ఒకే రోజు, ఒకే పిల్ల, ఒక విషయంలో ముప్పై ఏళ్ళ మనిషిలా, ఇంకో విషయంలో ఆరేళ్ళ దానిలా ఉండటం నవలలో సహజంగా ఇముడుతుంది. చాచా ముందు అంత ధైర్యం చేసిన రమ్య, ఆ రాత్రి తమ్ముడు తన స్కెచ్ పెన్నులు ముట్టుకున్నాడని ఇల్లు పీకి పందిరేస్తుంది. పట్టికలో ఇది పొరపాటులా కనిపిస్తుంది, ఇంట్లో పిల్లలున్నవాళ్ళకు మాత్రం రోజూ చూసేదే.

ఓణీల ఫంక్షన్‌కూ నవలకూ ఉన్న తేడా

పిల్ల ఎప్పుడు పెద్దదవుతుందన్న ప్రశ్నకు మన సమాజం దగ్గర తయారుగా జవాబు ఉంది. ఆడపిల్లకు అది శరీరం చెబుతుంది. "పెద్దమనిషి అయింది" అంటారు, చుట్టాలను పిలుస్తారు, ఇప్పుడైతే ఫంక్షన్ హాలు, ఫ్లెక్సీ, డ్రోన్ కెమెరా. మగపిల్లలకు కొన్ని ఇళ్ళల్లో పంచెల ఫంక్షనో, ఒడుగో ఉంటుంది. తేదీ ఉంటుంది, ఫొటోలు ఉంటాయి. నిన్నటిదాకా పిల్ల, ఇవాళ్టి నుంచి పెద్ద.

నవలలో ఆ తేదీ ఉండదు. శరీరం, మనసు, ఇంటివాళ్ళ చూపు మూడు వేర్వేరు వేగాలతో కదలడమే అక్కడ అసలు సంగతి. మన రమ్య విషయంలో ఇంటివాళ్ళ చూపు అందరికంటే ముందుకు ఉరికింది. ఆమె ఇంకా పెద్దమనిషి కాలేదు, "అయ్యే ఈడు" వచ్చిందంతే. అప్పుడే డాబా మూసుకుపోతోంది. తమ్ముడికి ఆ వయసులో గల్లీ దాటి సందులన్నీ తెరుచుకుంటాయి. ఒకే ఇంట్లో ఎదగడం ఒకరికి దారి వెడల్పు కావడం, ఇంకొకరికి ఇరుకు కావడం. ఆడపిల్లల ఎదుగుదల నవలలకు ఈ ఇరుకే చాలాసార్లు ప్రధాన థీమ్ అవుతుంది. "స్నేహం విలువ" అని రాసిన చార్ట్‌లో అది కనబడదు.

ఈ వయసు గురించి మనస్తత్వవేత్త డేవిడ్ ఎల్కిండ్ 1967లో చెప్పిన మాట ఒకటి బాగా వాడుకలో ఉంది. కౌమారం మొదట్లో పిల్లలకు తమను అందరూ గమనిస్తున్నారన్న భ్రమ ఉంటుందనీ, ఊహల్లో ఒక ప్రేక్షక సమూహాన్ని వెంటేసుకుని తిరుగుతారనీ అన్నాడు. మొటిమ వస్తే స్కూల్ మానేసే పిల్లను చూస్తే ఔననిపిస్తుంది. కానీ రమ్య డాబా ఎక్కితే ఎదురింటి ఆంటీ నిజంగానే చూస్తుంది, సాయంత్రానికి తల్లికి చెబుతుంది కూడా. మన బస్తీల్లో ఆడపిల్లకు ఆ ప్రేక్షకులు పూర్తిగా ఊహ కాదు. పడమటి సిద్ధాంతాన్ని మన పాత్ర మీద పెట్టేటప్పుడు ఈ సంగతి చూసుకోవాలి.

ఎడబాటుతో కూడా ఇలాంటి పేచీయే ఉంది. యూరప్, అమెరికా ఎదుగుదల నవలల్లో హీరో తరచుగా ఇల్లు విడిచి వెళ్ళి ఎదుగుతాడు. అందుకే ఎన్నో పిల్లల కథల్లో అమ్మానాన్నలు చనిపోయి ఉంటారు, లేదా ఊళ్ళో ఉండరు. పెద్దలు పక్కనుంటే నిర్ణయాలు వాళ్ళే తీసుకుంటారు కాబట్టి కథకు అదొక సదుపాయం. మన కథల్లో పిల్ల ఎక్కువగా ఇంట్లోనే ఉండి, ఇంటిలో తన చోటు మార్చుకుంటూ ఎదుగుతుంది. పతంగి ఎగరేసే చోటు నుంచి చరఖా పట్టుకునే చోటుకు జరిగింది రమ్య. ఒకరు దాన్ని అక్కగా ఎదగడం అంటారు, ఇంకొకరు ఆశ వదులుకోవడం అంటారు. రెండూ పుస్తకంలోంచి నిరూపించొచ్చు.

కౌంటర్ దగ్గర కూర్చుంటే ఎదిగినట్టేనా?

చదివేవాళ్ళు బాగా విడిపోయేది ఇక్కడ. షాపులో కూర్చున్న రమ్య రెండు వైపులా కాపీ తీయడం, చిల్లర లెక్క, గ్రూప్స్‌కు చదివే అన్నలతో మాట్లాడటం నేర్చుకుంటుంది. మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లో చెప్పిన దశల్లో ఆరు నుంచి పన్నెండేళ్ళ వయసుకు ముఖ్యమైనది "నేను పని చేయగలను" అన్న నమ్మకం. అది కుదరకపోతే "నేను దేనికీ పనికిరాను" అనే భావం మిగులుతుంది. ఆ లెక్కన షాపు రమ్యకు మేలే చేసింది.

కుటుంబ చికిత్సలో పేరున్న సాల్వడార్ మినూచిన్ పెద్దరికం మోసే పిల్లల గురించి విడిగా రాశాడు. న్యూయార్క్‌లోని పేద కుటుంబాల్లో అక్కలు, అన్నలు తల్లిదండ్రుల్లా మెలగడం చూసి, దాన్ని జబ్బు అనలేదు. పిల్లకు ఏ పని ఎంతవరకో స్పష్టంగా ఉండి, వెనక పెద్దలు నిలబడి ఉంటే ఆ పిల్ల బాధ్యత, సమర్థత నేర్చుకోవచ్చన్నాడు. పెద్దలు చేతులెత్తేసి మొత్తం భారం వదిలేస్తే మాత్రం పిల్ల తన అవసరాలను నొక్కేసుకుంటుందన్నాడు. కాబట్టి నవల చదివేటప్పుడు చూడాల్సింది రమ్య కౌంటర్ దగ్గర కూర్చుందా లేదా అని కాదు. ఏడింటికి తండ్రి వచ్చి "ఇగ చాలు, పోయి చదువుకో" అంటున్నాడా, లేక అప్పులవాళ్ళకు జవాబు చెప్పే పని కూడా ఆమెకే వదిలాడా? మన కథలో మొదటి ఘటనే అలాంటిది, తండ్రి తన సిగ్గును పిల్ల చేతికిచ్చాడు. షాపు సంగతిని దాన్నుంచి విడదీసి చదవలేం.

చట్టం కూడా ఇదే గీత గీయడానికి ప్రయత్నించింది. బాల కార్మిక చట్టానికి వచ్చిన 2016 సవరణ ప్రకారం పద్నాలుగేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదు. అయితే ప్రమాదం లేని కుటుంబ వ్యాపారంలో బడి వేళల తర్వాతా, సెలవుల్లోనూ సాయం చేయొచ్చు. ఆ మినహాయింపు పేద పిల్లల చదువుకు గండి కొడుతుందని బాలల హక్కుల కోసం పనిచేసేవాళ్ళు విమర్శించారు. ఇంటి పని, కులవృత్తి నేర్చుకోవడం మన కుటుంబాల్లో మామూలేనని ప్రభుత్వం సమర్థించుకుంది. పార్లమెంటులో తెగని తగువును పదకొండేళ్ళ పిల్ల కౌంటర్ వెనక నిలబడి మోస్తోంది. చిన్న నవల అంత పెద్ద విషయం ఎత్తుకోగలదు.

చావు ఉన్న పుస్తకం

నానమ్మ చనిపోయే అధ్యాయం చూసి పుస్తకం మూసేసే పెద్దలున్నారు. పిల్లలు చావును ఎలా అర్థం చేసుకుంటారన్న పరిశోధనల్లో మూడు సంగతులు తరచు వస్తాయి: పోయినవాళ్ళు తిరిగి రారు, శరీరం పనిచేయడం ఆగిపోతుంది, అందరూ ఏదో ఒక రోజు పోతారు. చాలామంది పిల్లలకు ఇవి ఐదు నుంచి ఏడేళ్ళ మధ్యే పట్టుబడటం మొదలవుతుంది. పదకొండేళ్ళ పాఠకురాలికి నవల కొత్తగా చావు గురించి చెప్పడం లేదు.

ఆసక్తి కలిగించేది దాని తర్వాతిది. స్పెయిన్‌లో ఏడు, పదకొండేళ్ళ పిల్లల మీద 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో, పెద్దపిల్లలే పోయినవాళ్ళు ఏదో రూపంలో ఇంకా ఉంటారని ఎక్కువగా చెప్పారు. ముఖ్యంగా కథలో డాక్టర్ బదులు మతగురువు వచ్చినప్పుడు. అంటే జీవశాస్త్రం తెలిసే కొద్దీ నమ్మకం తగ్గలేదు, రెండూ పక్కపక్కన పెరిగాయి. పిట్టకు పెట్టిన రోజు రమ్య విస్తరికేసి చూస్తూ నిలబడుతుంది. నానమ్మ రాదని ఆమెకు తెలుసు. కాకి ఎందుకింకా రాలేదని ఏడుపూ వస్తుంది. దీన్ని రమ్య అమాయకత్వం అని రాస్తే సున్నా వేయాలి. మనలో ఎంతమంది పెద్దవాళ్ళం అక్కడ అలాగే నిలబడలేదు?

ఇలాంటివి చదివితే పిల్లల మనసు పెరుగుతుందా?

అమ్మానాన్నలకు చివరికి కావాల్సింది దీనికి జవాబు. 2013లో సైన్స్ పత్రికలో డేవిడ్ కిడ్, ఇమాన్యుయెల్ కస్టానో ఒక పేరున్న అధ్యయనం ప్రచురించారు. సాహిత్య విలువ ఉన్న కథ భాగం కాసేపు చదివినవాళ్ళు, కళ్ళ ఫొటోలు చూసి ఎదుటివారి భావాలు గుర్తుపట్టే పరీక్షలో మెరుగ్గా చేశారని అందులో ఉంది. పత్రికలన్నీ రాశాయి, స్కూల్ బ్రోషర్లలోకీ ఎక్కింది. 2016లో వేరే బృందాలు అదే పరీక్ష మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. పైగా మొదటి అధ్యయనంలో పాల్గొన్నవాళ్ళంతా పెద్దలు. జీవితకాలంలో కథలు ఎక్కువ చదివినవాళ్ళకూ ఎదుటి మనసు గ్రహించే శక్తికీ కొంత సంబంధం కనిపిస్తుంది గానీ, చదవడం వల్ల అది వచ్చిందా, అలాంటివాళ్ళే ఎక్కువ చదువుతారా అన్నది అంత తేలిగ్గా విడిపోదు.

పుస్తకం గురించి పెద్దవాళ్ళు పిల్లలతో మాట్లాడితే లాభం ఉంటుందన్నదానికి కాస్త గట్టి ఆధారం ఉంది. 1988లో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం తల్లిదండ్రులకు బొమ్మల పుస్తకం చదివేటప్పుడు అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నలు తగ్గించి, పిల్లలే చెప్పేలా అడగడం నేర్పింది. నెల రోజుల్లో ఆ పిల్లల మాటలో తేడా వచ్చింది. కాకపోతే వాళ్ళు రెండు, మూడేళ్ళ పిల్లలు. పదకొండేళ్ళ పాఠకులకు దాన్ని అలాగే అంటించలేం. ఆ వయసు పిల్లను "రమ్య చేసింది కరెక్టేనా?" అని అడిగితే మీ మొహం చూసి మీకు నచ్చే జవాబే చెబుతుంది. "సలీం చాచాకు ఆ రోజు ఏమనిపించి ఉంటుంది?" అంటే ఆలోచిస్తుంది. "ఆయన మళ్ళీ అప్పిచ్చేవాడా?" అంటే వాదనకే దిగొచ్చు.